గరిటె మాది, కుండ వాళ్లది

మా ఇంట్లో దేవుడి పటం కంటే ఎత్తున ఒక ఇత్తడి గరిటె వేలాడుతూ ఉండేది. మూరెడు కంటే పొడవు. దాని కొసన గొలుసు, గొలుసు చివర గంట. వంటకు వాడే గరిటె కాదది. మా నాయన ఓబులేసు దాన్ని భుజాన వేసుకుని, గంట వాయిస్తూ, హిందూపురం శెట్ల పెళ్లిళ్లలో, చావుల్లో, దేవుడి మెరవణుల్లో అందరికంటే ముందు నడిచేవాడు. ఆ పని చేసేవాణ్ని మా దిక్కు చలవాది అంటారు. మా తాత చలవాది, ఆయన నాయనా చలవాదే. మేము మాలవాళ్లం. శెట్లు మమ్మల్ని గడప తొక్కనివ్వరు, కానీ మేము ముందు లేకపోతే వాళ్ల మెరవణి అడుగు కదలదు. ఇదెక్కడి న్యాయమని చిన్నప్పుడు అడిగి అమ్మ చేత మొట్టికాయ తిన్నాను.

గొలుసు పొడవునా చిన్న చిన్న ఇత్తడి బొమ్మలు ఉండేవి. త్రాసు, నాగలి, కుండ, మంగలి కత్తి, గానుగ. గంట వెనకాల నడిచే కులాలకు ఒక్కోదానికి ఒక్కో గుర్తు. అమావాస్య వస్తుందంటే అమ్మ దాన్ని దించి చింతపండు పెట్టి తోమేది. నేను పక్కన కూర్చుని మా బొమ్మ ఏదని వెతికేదాన్ని. ఎంత వెతికినా లేదు. అమ్మను అడిగితే, "మనకు బొమ్మెందుకే, మోసే భుజం మనది గదా" అంది. ఆమె గొప్పగానే చెప్పింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ మంట ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు, అందుకే ఈ కథ కొంచెం గట్టిగా చెబుతున్నాననిపిస్తే సర్దుకోండి.

తొంభై ఎనిమిదో సంవత్సరం ఉగాదికి నాయన గంట వాయిస్తూ పేటలో నడుస్తూ నడుస్తూ టెలిఫోన్ వైర్ల కోసం తవ్విన గుంతలో పడిపోయాడు. గంటను ఎవరూ దాటకూడదని కట్టుబాటు. ఆయన తడుముకుంటూ లేచి, పంచె దులుపుకుని, గరిటెను మళ్లీ భుజాన వేసుకునేదాకా వెనకాల ఉన్న జనమంతా ఎండలో అట్లే నిలబడ్డారు. చెయ్యిచ్చి లేపినవాడు ఒక్కడూ లేడు. లేపాలంటే తాకాలి కదా మరి.

అప్పుడుగానీ ఆయన కళ్లు మసకబారిన సంగతి మాకు తెలియలేదు. పెనుకొండలో కంటి పరీక్షల శిబిరం పెడితే నేనే తీసుకుపోయాను. కంటి నరం ఎండిపోయింది, ఆపరేషన్‌తో బాగయ్యేది కాదు, ఉన్న కాస్త చూపు కూడా తొందర్లోనే పోతుంది అని డాక్టరు చెప్పాడు. నాయన తల ఊపి, బయటికి వచ్చాక నన్ను అడిగింది ఒక్కటే. ఈ సంగతి శెట్లకు చెప్పాలా అని.

చెప్పక్కర్లేకుండానే తెలిసింది. శెట్లలో పెద్ద సంజీవప్ప. చెడ్డవాడని చెప్పను, మంచివాడని కూడా నా నోటితో అనలేను. నాయనను పిలిపించి, వానలకు ముందు తన మనవరాలి పెళ్లి ఉందనీ, ఆ మెరవణి కదిలే ముందు గంటను కొడుకు చేతిలో పెట్టి తప్పుకొమ్మనీ చెప్పాడు. కొడుకు రాకపోతే గంట ఇంకో ఇంటికి పోతుంది. గంటతోపాటే చేను కూడా. లేపాక్షి పోయే దావలో మాకు రెండెకరాల చేను ఉండేది, ఏ కాలంలోనో గంట మోసినందుకు వాళ్ల పెద్దలు ఇచ్చింది. గంట ఎవరింట్లో ఉంటే చేను వాళ్లది. మేము తిన్న రాగులు, అమ్ముకున్న చెనక్కాయలు, నా చదువు, అన్నీ ఆ చేలోంచి వచ్చినవే.

కొడుకంటే నా తమ్ముడు చంద్ర ఒక్కడే. వాడు ధర్మవరంలో పట్టుచీరలు నేస్తున్నాడు. ఇంట్లో చెప్పకుండా పోయి మగ్గం నేర్చుకున్నవాడు. పండగలకు వచ్చినప్పుడు ఎవరైనా గంట మాట ఎత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. ఈ కబురు చెప్పడానికి నేను ఫోన్ చేస్తే వాడు, "నేను రానక్కా. నా చేతిలో పని ఉండాది. వచ్చే ఏడు నా పేరున సొంత మగ్గం పెట్టిస్తామంటాండారు. ఆ గంట తెచ్చి నా మెడకు కట్టొద్దండి" అన్నాడు.

నాకు సంతోషమే అయింది. అమ్మకు మాత్రం గుండె జారిపోయింది. అమ్మ పేరు గంగక్క. చేను లేని ఆడదాని బతుకు ఎట్లా ఉంటుందో ఆమె చిన్నప్పుడు చూసింది, వాళ్లమ్మ ఊరూరా కూలికి తిరిగేది. వాడికి గంట మోయడం నామోషీ అయితే నాకు అడుక్కోవడం నామోషీ కాదా అని రెండు రోజులు నాతో పోట్లాడింది. నాయన ఎవరి పక్కా మాట్లాడలేదు. గంట ఇంకో ఇంట్లో వేలాడటం అనేది ఆయన ఊహకు అందలేదు, అంతే.

అప్పుడు నేను ప్రైవేటుగా బీఏ కట్టి ఉన్నాను. మే నెలలో పెనుకొండలో పరీక్షలు. గట్టిగా చదివితేగానీ నాకు తలకెక్కదు. ఒక సాయంత్రం పెరట్లో కూర్చుని భారత సమాజం అనే పేపరుకు చదువుతున్నాను. కులాలు ఎట్లా పుట్టాయి, దాని మీద పండితులు చెప్పిన సిద్ధాంతాలు. ఆదిపురుషుడి ముఖంలోంచి ఒకరు, భుజాల్లోంచి ఒకరు, తొడల్లోంచి ఒకరు, పాదాల్లోంచి ఒకరు పుట్టారని పాతకాలపు మాట. కాదు, చేసే పనిని బట్టి ఏర్పడి తర్వాత పుట్టుకకు అంటుకుందని ఇంకొకరు. బయటి నుంచి వచ్చినవాళ్లు ఇక్కడివాళ్లను కింద పెట్టారని మరొకరు. నాయన గోడకు ఆనుకుని వింటున్నాడు.

"మన మాట యాడుండాది పాపా దాంట్లో?" అని అడిగాడు.

నాలుగే చెప్పారు, మనం లేమన్నాను. అయితే మనం ఎక్కడి నుంచి వచ్చామని రాశారని అడిగాడు. ఆ ఒంట్లోంచి రాలేదట, బయట ఉన్నామట అన్నాను. నాయన నవ్వాడు. ఆ పుస్తకం రాసినాయనకు మన కథ తెలియదులే అని, నేను చిన్నప్పటి నుంచి వెయ్యిసార్లు విన్నదే మళ్లీ మొదలుపెట్టాడు.

ఒకప్పుడు గొప్ప కరువు వచ్చిందట. అన్ని కులాలవాళ్లూ తమ తమ ఇళ్లలో మిగిలిన గింజలు తెచ్చి ఒకే కుండలో పోసి వండారట. వండాక, వడ్డించేదెవరని తగువు. కాపు వడ్డిస్తే కాపులకు ఎక్కువ పడుతుంది, కుమ్మరి వడ్డిస్తే కుమ్మర్లకు. ఎవరికీ ఎవరి చెయ్యి మీదా నమ్మకం లేదు. ఊరి బయట నిలబడి చూస్తున్న మా మూలపురుషుణ్ని పిలిచి, నువ్వు మా ఎవరి మనిషివీ కాదు కాబట్టి సమానంగా పెడతావు అని గరిటె ఇచ్చారట. ఆయన మెతుకు తేడా లేకుండా అందరికీ పెట్టాడు. తన వంతు వచ్చేసరికి కుండ ఖాళీ. వాళ్లందరూ సిగ్గుపడి, ఈ గరిటె నువ్వే ఉంచుకో, ఇక మీదట మేము యాడికి కదిలినా నీ వెనకాలే నడుస్తాం అన్నారట.

మా ఇంట్లో నాయన అందరికంటే చివర తినేవాడు. అదీ ఈ కథలోంచి వచ్చిన అలవాటే. గరిటె పట్టినవాడు చివర తినాలి. పిల్లలం తిన్నాక, అమ్మ తిన్నాక, అడుగున ఏది మిగిలితే అది.

"గరిటె మనకిచ్చి కుండ వాళ్లు పెట్టుకున్నారు, అంతే గదా నాయనా" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. "ఆ పూట ఆయప్ప ఏం తిన్యాడు?"

"ఎవురు?"

"గరిటె పట్టుకున్నాయప్ప."

కథలో అది లేదన్నాడు నాయన. పొయ్యి దగ్గర నుంచి అమ్మ, "ఆకలితో పండుకొనుంటాడు, ఇంకేం జేస్తాడు" అంది.

పరీక్షలకు ఇంకా వారం ఉందనగా అమ్మ పోరు పడలేక నాయన ధర్మవరం బయలుదేరాడు. నేనే వెంట పోయాను, చూపు దాదాపు పోయిన మనిషిని ఒక్కణ్ని పంపలేం కదా. ప్యాసింజర్ రైల్లో కిటికీ పక్కన కూర్చుని, గాలి మారినప్పుడల్లా ఏ స్టేషనో చెబుతూ వచ్చాడు. పెనుకొండ దగ్గర కొండ అడ్డొచ్చి రైలు చప్పుడు మారితే, కోట వచ్చింది కదా పాపా అన్నాడు. సరిగ్గానే చెప్పాడు. ఆ రోజు ఆయన హుషారుగా ఉన్నాడు. కొడుకు నేసే చీరను చేత్తో తడిమి చూడాలని ఉందన్నాడు. గంట సంగతి చీర చూశాక చెబుతాడట.

ధర్మవరంలో చంద్ర పనిచేసే ఇల్లు ఒక సందులో ఉంది. సందు పొడవునా రంగురంగుల పట్టు నూలు సాగదీసి కట్టి ఉంది, మేము గోడవార నడవాల్సి వచ్చింది. ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. ఆ ఇంటామె బుజ్జమ్మ. భర్త పోయాక మగ్గాలు తనే చూసుకుంటోంది. తనను తల్లిలాగా చూస్తుందని చంద్ర చెబుతుంటాడు. మేము ఎవరమో చెప్పగానే ఆమె ముఖం విప్పారింది. లోపలికి పరిగెత్తి చాప తెచ్చి పంచలో పరిచింది.

"రాండప్పా, రాండి. మీరు శెట్ల మెరవణుల్లో ముందు నడిచే పెద్దమనిషంట గదా. చంద్ర ఎప్పుడూ చెప్తాంటాడు."

నాకు అప్పుడు అర్థమైంది. వాడు ఇక్కడ కులం పేరు చెప్పలేదు. అబద్ధం కూడా చెప్పలేదు. మా నాయన శెట్లందరికంటే ముందు నడుస్తాడు అన్నాడు, అది నిజమే. అలా నడిచేవాడు ఎవరై ఉంటాడో వాళ్లే ఊహించుకున్నారు. ఈ ఊళ్లో, ఈ ఇంట్లో, పరువు గల శెట్టి కొడుకుగా వాడు మగ్గం మీద కూర్చున్నాడు. నాయన చెవిలో ఏదో ఒకటి చెబుదామనుకున్నాను. ఏం చెప్పాలి? చెప్పేలోగా బుజ్జమ్మ చెంబుతో నీళ్లు తెచ్చేసింది.

నాయనకు చాప కనిపించలేదు. కనిపించినా దాని మీద కూర్చునేవాడు కాదనుకుంటాను. కలిగిన ఇంటి ఆడమనిషి గొంతు వినగానే ఆయన చెప్పులు వదిలి, పంచ దిగి, నీళ్లు పారే తూము పక్కన ఎండలో గొంతుక్కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకున్నాడు. తల వంచి, రెండు చేతులూ కలిపి నోటి దగ్గర దోసిలి పట్టాడు.

బుజ్జమ్మ చెయ్యి ఆగింది. ఎంతో సేపు కాదు. తర్వాత ఆమె మెట్టు మీదే నిలబడి, చెంబు పైకెత్తి, పైనుంచి ఆయన దోసిట్లోకి నీళ్లు పోసింది. చెంబు ఎక్కడా తగలకుండా. ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు, ఆయనకూ ఎవరూ చెప్పనక్కర్లేదు. నాయన గుటగుటా తాగి, చాలు తల్లీ అని తడిచేతులు మొహానికి రాసుకున్నాడు. ముందు గదిలో మగ్గం చప్పుడు ఆగిపోయింది. తలుపు సందులోంచి చంద్ర చూస్తున్నాడు. మగ్గం గుంతలో నడుము దాకా కూరుకుని, చేతిలో నూలు చుట్టిన నాడె అట్లే పట్టుకుని.

ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. అది చెబితే మీరు నమ్మరు. బుజ్జమ్మ చెంబును లోపలికి తీసుకుపోలేదు, తూము దగ్గరే బోర్లించింది. చంద్ర బయటికి వచ్చాక, నాయనకు వినబడకుండా వాడితో మెల్లగా మాట్లాడింది. ఆమె కళ్లనిండా నీళ్లున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి.

"నాకేం లేదప్పా. మగ్గానికి మొక్కే ఇల్లు ఇది. మావాళ్లు ఊరుకోరు. ఎంత పని జేస్తివి చంద్రా."

వాడు నేస్తున్న చీర సగంలో ఉంది. దాన్ని ముగించి పొమ్మని కూడా ఆమె అనలేదు, వాడూ అడగలేదు. గదిలోంచి బట్టల సంచి తెచ్చుకుని మా వెంట నడిచాడు. తాను అడగకముందే కొడుకు బయలుదేరినందుకు నాయన పొంగిపోయాడు.

సాయంత్రం రైల్లో జనం లేరు. నాయన మాట్లాడుతూనే ఉన్నాడు. బుజ్జమ్మ మంచి తల్లి అన్నాడు. అడగకముందే నీళ్లు తెచ్చి పోసింది, ఈ కాలంలో అట్లా ఎవరు పోస్తారన్నాడు. చంద్ర కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను ఎంతసేపని పళ్లు బిగపట్టుకుని ఉండను? నాగసముద్రం గేటు దాటాక చెప్పేశాను. వాడు మూడేళ్లుగా అక్కడ ఏ మాట మీద బతుకుతున్నాడో, ఆయన దోసిలి పట్టగానే అది ఎట్లా పోయిందో, అంతా చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు రాదు.

నాయన తన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కనిపించవు కదా, అయినా వాటినే చూస్తున్నాడు.

"నేను దోసిలి పట్టింది నాకు తెలీదు పాపా" అన్నాడు. "పట్టినానా?"

పెనుకొండ దాటింది. కోట వచ్చిందని ఆయన చెప్పలేదు.

ఇంటికి వచ్చాక చంద్ర సంచి మూలకు విసిరి, గోడ మీది గరిటె వంక చూస్తూ, "సరే, ఎత్తుకుంటా" అన్నాడు. అమ్మ వాడి తల నిమరబోతే చెయ్యి తోసేశాడు. "యాడికి పోయినా ఇదే గదమ్మా. ఈడైతే చేనన్నా ఉండాది."

అమ్మ కోరుకున్నదే జరిగింది. కానీ ఆమె సంతోషపడలేకపోయింది. వాడు తిండి మానలేదు, పోట్లాడలేదు, చెప్పిన పని చేస్తున్నాడు. పొద్దున్నే చేనికి పోయి దుక్కి సాలు చూసి వస్తున్నాడు. అట్లాంటి బిడ్డను ఆమె ఎప్పుడూ చూడలేదు. వాడు అరిచినా బాగుండునే, ఈ నిదానం నాకు భయమేస్తోంది అని నాతో అంది. గంట అందుకునేటప్పుడు ఎట్లా వంగాలో, రెండు చేతులూ దోసిలి ఎట్లా పట్టాలో నేర్పమని నాయనకు చెప్పింది. నాయన రేపు నేర్పుతానన్నాడు. ఏ రోజూ నేర్పలేదు. ఆ వారమంతా ఆయన నోటి నుంచి కథ కూడా రాలేదు.

నేను పెనుకొండ పోయి పరీక్ష రాశాను. అనుకున్న ప్రశ్నే వచ్చింది, కులాల పుట్టుక మీద సిద్ధాంతాలను వివరించండి అని. ముఖం, భుజాలు, తొడలు, పాదాలు, అన్నీ వరసగా రాశాను. రాస్తున్నంతసేపూ ఆ తూము పక్కన నాయన పట్టిన దోసిలే కళ్లముందు ఉంది. అది ఎప్పుడు పుట్టిందో ఏ పండితుడూ చెప్పలేదు. పుస్తకంలో ఉన్నదే రాసి వచ్చాను. మార్కులు బాగానే పడ్డాయి.

పెళ్లి రోజు సంజీవప్ప ఇంటి ముందు షామియానా వేశారు. బ్యాండువాళ్లు వచ్చి ఉన్నారు. పెళ్లికూతురు కారులో కూర్చుంది. చలవాది వెంట ఆడవాళ్లు పోయే ఆచారం లేదు, నాయనకు కళ్లు లేవు కాబట్టి నన్ను గేటు పక్కన నిలబడనిచ్చారు. శెట్లందరూ మెట్ల పైన నిలబడ్డారు. నాయన మెట్ల కింద. ఆయన పక్కన చంద్ర, తెల్ల చొక్కా, కొత్త తువ్వాలు. గంట చేతులు మారేటప్పుడు మోసేవాడు కథ చెప్పాలి, చెప్పి కొడుకు దోసిట్లో గరిటె పెట్టాలి.

నాయన కథ ఎత్తుకున్నాడు. గొంతు బాగానే ఉంది. కరువు వచ్చింది, గింజలు పోశారు, తగువు పడ్డారు, గరిటె ఇచ్చారు. పైనున్నవాళ్లు అలవాటుగా ఊఁ కొడుతున్నారు. మెతుకు తేడా లేకుండా అందరికీ పెట్టి తన వంతు వచ్చేసరికి కుండ ఖాళీ అన్నాడు. అక్కడ ఆగాడు. అందరూ ఎదురుచూశారు. బ్యాండు కుర్రాళ్లు కూడా సన్నాయి నోట్లో పెట్టుకుని చూస్తున్నారు.

"ఊఁ, ఆమీట?" అన్నాడు సంజీవప్ప.

"ఆడికే సామీ. ఆ పూట ఆయప్ప ఏం తిన్యాడో నాకు తెలీదు."

చంద్ర అప్పటికే వంగి దోసిలి పట్టి ఉన్నాడు. ఎవరూ నేర్పకుండానే సరిగ్గా పట్టాడు. నాయన ఎడమ చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి వాడి చేతుల మీద ఆగింది. వేళ్లు ఎట్లా కలిశాయో, బొటనవేళ్లు ఎక్కడున్నాయో అన్నీ తడిమి చూసుకుంది. తర్వాత ఆయన ఆ దోసిలిని విడదీశాడు. ఒక్కో చేతినీ మడిచి, పిడికిలి చేసి, వాడి పక్కలకు దించాడు.

"ఇది నాతోనే పోనీ నాయనా" అన్నాడు.

గరిటెను, గొలుసును, గంటను చప్పుడు కాకుండా కూడదీసి, కాలితో మెట్టు వెతుక్కుని, దాని మీద పెట్టాడు. ఆయన భయపడ్డాడు, అది నాకు స్పష్టంగా కనిపించింది. ఆ భయంలో కూడా ఆగలేదు.

సంజీవప్ప అరవలేదు. ఏం చేస్తాండావో తెలుస్తాందా ఓబులేసూ అని అడిగాడు, చేను సంగతి గుర్తుందా అని అడిగాడు. నాయన అన్నీ తెలుసన్నాడు. మరి మెరవణి ముందు ఎవరు నడవాలన్నాడు సంజీవప్ప.

"మీలో ఎవురన్నా నడవండి సామీ" అన్నాడు నాయన. "మీకు దావ కనపడతాంది గదా."

మేము ముగ్గురం గేటు దాటేదాకా ఆ గరిటె మెట్టు మీదే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. సందు మలుపు తిరిగాక బ్యాండు మోగింది. చంద్ర నాయన చెయ్యి పట్టుకుని నడిపించాడు. దారిలో వాడు ఏడ్చాడు, మగ్గం పోయినప్పుడు రాని ఏడుపు. నాయన ఊరుకోబెట్టలేదు, వాడి చెయ్యి మాత్రం వదల్లేదు.

అమ్మ పొయ్యి దగ్గర ఉంది. నాయన వస్తున్నాడంటే సందు మొదట్లోనే గంట చప్పుడు వినబడేది, ఆ చప్పుడు విని ఆమె లేచేది. ఆ రోజు మేము గుమ్మంలో నిలబడేదాకా ఆమెకు తెలియలేదు. తిరిగి చూసి అదిరిపడింది.

"సద్దు లేకుండా వచ్చినారేమి?"

"ఇంక ఇట్లే వస్తా గంగక్కా" అన్నాడు నాయన. ఎప్పుడూ పేరు పెట్టి పిలవని మనిషి.

అమ్మ ఆయన ఖాళీ భుజం చూసింది. చంద్ర ముఖం చూసింది. చేను అని మాత్రం అంది, అడిగినట్టు కూడా కాదు. పోయిందన్నాను నేను. ఆమె కింద కూలబడి ఏడ్చింది. నాయనను నోటికొచ్చినట్టు తిట్టింది. ఈ వయసులో నన్ను కూలికి పంపడానికి నీకు మనసెట్లా వచ్చిందని తిట్టింది. అది ఊరికే అన్న మాట కాదు, ఆ ఏడు నుంచి ఆమె నిజంగానే కూలికి పోయింది. నాయన గోడకు ఆనుకుని కూర్చుని అన్నీ విన్నాడు. గోడకు పైన ఖాళీ మేకు.

ఏడుపు అయ్యాక అమ్మ ముక్కు చీదుకుని లేచింది. కంచాలు పెట్టింది. సంగటి ముద్ద చేసి మొదటి కంచంలో వేసి, కొయ్య గరిటెతో కుండలోంచి ఉలవచారు తీసి పోసి, ఆ కంచం తీసుకుపోయి నాయన ముందు పెట్టింది.

ఆయన వాసన పట్టి తల ఎత్తాడు. "పిల్లోళ్లు తిన్యారా?"

"వాళ్లకుండాదిలే. ముందు నువ్వు తిను."

ఆయన చెయ్యి కంచం మీద ఆగింది. నలభై ఏళ్ల అలవాటు అంత తొందరగా పోదు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ముద్ద మీద పెట్టింది. ఆయన తింటుంటే మేము చూస్తూ కూర్చున్నాం. ఎందుకో నేను లేచి పొయ్యి దగ్గరికి పోయి కుండలోకి తొంగి చూశాను. ఇంకా ఉంది.